అరవ్

సైకిలు నాది కాదు, మెరెరిద్‌ది.
ఎక్స్‌రే విభాగంలో నా పక్క కుర్చీ ఆమెది.
మోకాలి ఆపరేషనయ్యి మంచం పట్టాక
"దాన్ని తుప్పు పట్టనివ్వకు" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది.
సీటు ఎంత దించినా
నా బొటనవేళ్లకే నేల అందుతుంది.

బాలా ఊరు దాటేసరికి తొమ్మిదయింది.
కుడిచేతి వైపు సరస్సు,
దాని మీద ఇంకా పక్క దిగని మంచు.
గొర్రెల వీపుల మీద నీలం గుర్తులు,
ఎవరి మంద ఎవరిదో ఏ వానా చెరపకుండా.

రోడ్డు మీద తెల్ల సున్నంతో రాసినట్టు పెద్ద అక్షరాలు,
ఇంగ్లీషులో ఒకటి, వేల్స్ వాళ్ల భాషలో ఒకటి.
నెమ్మది అని అర్థం.
పలకడం మెరెరిదే నేర్పింది: అరవ్.
నాకు మాత్రం ప్రతి మలుపులోనూ
అరువు, అరువు అనే వినబడింది.
నిజమే కదా, చక్రాలు అరువు, వానకోటు అరువు,
డ్యూటీ మార్చుకుని తెచ్చుకున్న ఈ ఆదివారం అరువు.
అరువు సొమ్ము బరువు చేటని మా నాయనమ్మ ఊరికే అనలేదు.
ఎక్కుడు మొదలవగానే ఆ ఇనుమంతా
నా పిక్కల్లోకి దిగింది.

నాలుగడుగులకు ఒకడుగు ఎత్తని బోర్డు చెప్పింది.
ఆఖరి గేరుకి వచ్చేశాక కూడా
ఇంకొకటి ఉంటుందేమోనని వేలు మీట నొక్కుతూనే ఉంది,
ఖాళీ డబ్బాలో చక్కెర కోసం తడిమినట్టు.
దిగిపోయాను. నడిపించాను.
సిగ్గుపడదామనుకున్నాను,
పడటానికి ఊపిరి మిగల్లేదు.

వెనకనుంచి ఒక పెద్దాయన వచ్చి తనూ దిగాడు.
పేరు ఇద్వల్. ఈ దారిలో ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచాడట.
"ఇక్కడ అందరూ దిగుతారు,
దిగలేదని చెప్పేవాళ్లు కూడా."
దారిపొడుగునా ఇళ్లని కుక్కల పేర్లతో చెప్పాడు.
ఏది ఎక్కడ కరిచిందో మేజోడు దించి మరీ చూపించాడు.
అలవాటు పోక
ఎముక అతుకు ఎలా ఉందోనని చూశాను.

పైన గాలి.
చెవుల్లో మాట నిలవనివ్వని గాలి.
అతని ఫ్లాస్కులో టీ, నా డబ్బాలో గోంగూర పూసిన బ్రెడ్డు.
ఒక ముక్క తిన్నాడు. కళ్లలో నీళ్లు.
"గాలికి" అన్నాడు.

అటువైపు దిగుడంతా వాన.
తడిసిన బ్రేకులు పిల్లి తోక తొక్కినట్టు అరిచాయి.
తర్వాత అడవి, వరసల్లో నాటిన స్ప్రూస్ చెట్లు,
హాజరు పిలుపు కోసం నిలబెట్టిన పిల్లల్లా.
ఆ చెట్ల సందుల్లోంచి ఇంకో సరస్సు.
ఇది దేవుడు తవ్వింది కాదు. చివర్న రాతి ఆనకట్ట.

నీళ్లడుగున ఒక ఊరుందన్నాడు ఇద్వల్.
చర్చి, సారాకొట్లు, గడపలు.
వాళ్ల తాతలు పుట్టకముందే ముంచారట,
లివర్‌పూల్ దాహం తీర్చడానికి.
గట్టున కొత్త ఇళ్లు కట్టిచ్చారట,
సమాధుల్లోని వాళ్లని కూడా తవ్వి పైకి చేర్చారట.
ముంపు అనే మాట నాకు తెలిసిందే,
ఎక్కడ నేర్చుకున్నానో చెప్పలేదు.

అరవ్ అంటే నాకేం వినబడుతోందో చెప్పాను.
అతను నవ్వుతాడనుకున్నాను.
"మా భాషలో దాన్ని బెంథిగ్ అంటాం.
తిరిగి ఇచ్చేదాన్నే అలా అనాలి"
అని నీళ్లవైపు చూస్తూ
టోపీ పిండుకున్నాడు.

మంగళవారం సైకిలు మెరెరిద్ గుమ్మంలో నిలబెట్టాను.
కడిగిస్తానంటే వద్దంది.
చేతికర్ర గోడకానించి, వంగి,
మడ్‌గార్డు మీది మట్టిని గోరుతో గీకి చూసింది.
"ఆ కనుమ మీదుగా వెళ్లావా?"
ముందు చక్రం ఒక్కసారి తిప్పింది.
పుల్లకి అంటుకున్న స్ప్రూస్ ఆకు ఒకటి
తిరిగి తిరిగి నా చెప్పు మీద రాలింది.

"ఎక్కడా దిగలేదుగా?"

లేదన్నాను.

"నేనూ అంతే" అంది మెరెరిద్.